అద్దె తుపాకులతో ఆరంభించిన మూసారాం

సికిందరాబాదు నగరము ఎట్లు పుట్టినదో చెప్పే కథ మన పాఠ్యపుస్తకములలో నాలుగు వాక్యములకు మించదు. 1798లో హైదరాబాదు ప్రభువు నిజాము అలీఖాను ఆంగ్లేయులతో సైన్య సహకార సంధి చేసికొన్నాడు. ఆంగ్లేయుల పటాలములు హుస్సేనుసాగరమునకు ఉత్తరమున విడిసినవి. 1806లో ఆ విడిదికి నాటి నిజాము సికిందరుజా పేరు పెట్టినారు. గుడారములు బారకులైనవి, బారకులు బజారులైనవి, బజారులు నగరమైనవి. ఇంతవరకు ప్రతి విద్యార్థికీ తెలిసిన సంగతియే.

తెలియని సంగతి మరొకటి ఉన్నది. ఆ పటాలములు వచ్చి విడియుటకు ముందు హైదరాబాదులో వేరొక సైన్యము ఉండేది. దాని ఫిరంగులు ఈ గడ్డమీదనే పోత పోయబడేవి. దాని తుపాకులు ఈ ఊరి కార్ఖానాలలోనే కూర్చబడేవి. ఆ సైన్యమును తొలగించిన తరువాతనే సికిందరాబాదునకు పునాది పడినది. దానిని పెంచినవాడు ఒక ఫ్రెంచి వర్తకుని కుమారుడు. అతని పేరు మిషెల్ జోకిం మరీ రేమండ్. మన జనుల నోట అతడు మూసారాం అయినాడు. నేడు మలకుపేటకూ దిల్‌సుఖ్‌నగరుకూ నడుమ మూసారాంబాగు అనే పేటలో దిగేవారు ప్రతిదినమూ అతని పేరునే పలుకుచున్నారు. పలికేవారిలో ఎక్కువమందికి ఆ సంగతి తెలియదు.

వర్తకము విడిచి కత్తి పట్టుట

రేమండు 1755లో ఫ్రాన్సు దేశపు దక్షిణ భాగములో, గాస్కనీ సీమలోని సెరిన్యాక్ గ్రామములో జన్మించినాడు. 1775లో, ఇరువది యేండ్ల ప్రాయమున, వర్తకము చేయదలచి తమ్మునితో కూడ పుదుచ్చేరి చేరినాడు. ఆ కాలములో దక్షిణాపథమున సరకులు అమ్మేవారికంటె యుద్ధవిద్య అమ్మేవారికి గిరాకి హెచ్చు. మైసూరు, పూనా, హైదరాబాదు ఆస్థానములు మూడూ ఐరోపా పద్ధతిలో కవాతు నేర్పగలవారికొరకు వెదకుచుండేవి. ఏ రాజునకు ఏ దొర కుదిరితే ఆ రాజు బలము పెరిగేది. రేమండు త్రాసు విడిచి కత్తి పట్టినాడు. మొదట మైసూరులో హైదరలీ కొలువున ఉన్న ఫ్రెంచి దళములో చేరి యుద్ధము ఎట్లు సాగునో కన్నులార చూచినాడు.

1783లో బుస్సీ మరల భారతదేశమునకు వచ్చినాడు. తెలుగువారికి బుస్సీని పరిచయము చేయనక్కరలేదు. 1757లో విజయనగరము రాజు పక్షమున బొబ్బిలి కోటను నేలమట్టము చేసిన ఫిరంగులు అతనివే. అప్పటికి బుస్సీ ముదుసలి, రోగపీడితుడు. రేమండు అతని కొలువులో చేరి అంతరంగికుడైన సైనికోద్యోగి అయినాడు. 1785 ఆరంభములో పుదుచ్చేరిలో బుస్సీ మరణించినాడు. ఫ్రెంచివారికీ ఆంగ్లేయులకూ అంతకు ముందే సంధి కుదిరినది గనుక యుద్ధము లేదు, యుద్ధము లేనిచోట ఉద్యోగమూ లేదు. రేమండు హైదరాబాదు దారి పట్టినాడు. బుస్సీ పేరు ఆ ఆస్థానములో ఇంకను మరవబడలేదు. నిజాము అలీఖాను అతనిని కొలువులో చేర్చుకొన్నాడు.

నెలకు ఎనిమిది అణాలు

కొలువు దొరికినది కాని చేతిలో సాధనములు లేవు. రేమండు మొదట కూర్చిన దళము సుమారు 300 మంది. వారికి తుపాకులు కొనే శక్తి అతనికి లేదు. కొనియిచ్చే తొందర ప్రభుత్వమునకు లేదు. అందుచేత అతడు తన దేశపు వర్తకుడొకని వద్ద తుపాకులను అద్దెకు తెచ్చినాడు. తుపాకి ఒక్కంటికి నెలకు ఎనిమిది అణాలు అద్దె.

విద్యార్థులు ఈ లెక్కను ఒకసారి వేసి చూడవలెను. 300 తుపాకులకు నెలకు 150 రూపాయలు. సంవత్సరమునకు 1,800 రూపాయలు. చిన్న దళమునకు ఇది మోయదగిన భారమే. కాని దళము వేలకు పెరిగితే అద్దె కూడ వేలకు పెరుగును. ఎన్ని యేండ్లు చెల్లించినను తుపాకి వర్తకునిదే. విరిగితే దండుగ కట్టవలెను. వర్తకుడు తిరిగి అడిగిననాడు సైన్యము చేతులు ఊపుకొంటూ నిలుచుండవలెను. వర్తకుల ఇంట పుట్టి పెరిగిన రేమండునకు ఈ లెక్క ఎవరూ చెప్పవలసిన పని లేదు. అద్దె తుపాకితో సైన్యమును ఆరంభింపవచ్చునే కాని నిలుపలేమని గ్రహించుటయే అతని జీవితములో ముఖ్యమైన మలుపు.

ఆ గ్రహింపు ఫలితమే హైదరాబాదు ఫిరంగుల కార్ఖానా. 1786 ప్రాంతమున నిజాము అండతో నేటి ఫతేమైదానము సమీపమున రేమండు ఒక పోతశాలను నెలకొల్పినాడు. జనులు దానిని తోప్ కా సాంచా అన్నారు. అనగా ఫిరంగి అచ్చు. తరువాత ఆంగ్లేయుల నోట అది గన్‌ఫౌండ్రీ అయినది. ఆ పేట నేటికీ ఆ పేరుతోనే ఉన్నది.

తుపాకి ఎట్లు కూర్చబడేది?

నాటి తుపాకి నేటి తుపాకివంటిది కాదు. ఒక్కొక్క గుండును గొట్టపు మూతినుండి కూరి, ఒక్కొక్కసారే కాల్చవలెను. అయినను అది ఒకే చేతిపనివాడు చేయగల వస్తువు కాదు. దానిలో ముఖ్యముగా మూడు అంగములు కలవు: గొట్టము, చకుముకి యంత్రము, కొయ్యదిమ్మ. గొట్టము కమ్మరి పని. కాల్చిన ఇనుప పట్టెను ఒక కడ్డీ చుట్టు చుట్టి, అంచులు ఏకమయ్యేవరకు సుత్తితో అతికి, పిమ్మట లోపల తొలిచి నునుపు చేయవలెను. అతుకులో లోపమున్నచో తుపాకి శత్రువును వదలి పట్టుకొన్నవానినే చంపును. దిమ్మ వడ్రంగి పని. ఎండిన గట్టి కొయ్యను గొట్టము పొందికగా కూర్చుండునట్లు చెక్కి, భుజమునకు ఆనే చోట మడమ తీర్చవలెను.

అన్నిటికంటె కష్టమైనది చకుముకి యంత్రము. తుపాకి గుర్రము పళ్ల మధ్య చెకుముకి రాయి బిగించి ఉండును. మీట నొక్కగనే గుర్రము ముందుకు దుమికి ఉక్కు పలకను కొట్టును. రాలిన నిప్పురవ్వ గిన్నెలోని రంజకమును అంటుకొని, చిన్న రంధ్రము ద్వారా గొట్టములోని మందును మండించును. ఇదంతయు రెప్పపాటులో జరుగవలెనన్నచో లోపలి ఉక్కు కమానులకు సరియైన పదును ఉండవలెను. పదును హెచ్చితే కమాను విరుగును, తగ్గితే వంగిపోవును. తెలంగాణమున కోనసముద్రము, నిర్మల ప్రాంతపు కమ్మరులు చేసిన ఉక్కు దూరదేశములకు కత్తులకొరకు ఎగుమతి అయిన సంగతి చరిత్ర ప్రసిద్ధము. ఇనుమును ఎరిగిన చేతులు ఈ సీమకు కొత్త కాదు. రేమండు వంటి ఐరోపా అధికారులు తెచ్చినది కొలత, క్రమము, పనిని విభజించే పద్ధతి.

ఆ పద్ధతి ఐరోపాలో కూడ అప్పుడప్పుడే ఎదుగుచున్నది. 1785లో ఫ్రాన్సులో ఒనొరే బ్లాన్ అనే తుపాకుల పనివాడు ఒక వింత చేసి చూపినాడు. చకుముకి యంత్రముల విడిభాగములను కుప్పగా పోసి, చేతికి దొరికిన దానిని తీసి కూర్చితే యంత్రము సరిగా కుదిరినది. అంతవరకు ఒక తుపాకి మర మరొక తుపాకికి సరిపడేది కాదు. ప్రతి భాగమును ఆకురాయితో రాచి సరిచేయవలసి వచ్చేది. నాడు ఫ్రాన్సులో అమెరికా రాయబారిగా ఉన్న థామస్ జెఫర్సన్ ఆ ప్రదర్శనను చూచి అబ్బురపడి తన దేశమునకు వ్రాసినాడు. నేడు సైకిలు మొదలు విమానము వరకు విడిభాగములు మార్చి బాగుచేసికొనగలుగుచున్నామన్నచో ఆ ఆలోచనకు మొదటి మెట్లలో తుపాకి ఒకటి. హైదరాబాదు కార్ఖానా ఆ దశకు చేరలేదు. అది చేతిపని కాలమునకు చెందినదే. అయినను నెలసరి అద్దెకంటె అది ఎంతో మెరుగు. విరిగిన కమానును మార్చే కమ్మరి ఊరిలోనే ఉన్నాడు.

ఫిరంగి సంగతి వేరు. రాగిలో తగినంత తగరము కలిపి కరగించి, మట్టి అచ్చులో పోసి, చల్లారిన పిదప లోపల తొలిచేవారు. దేవాలయపు గంటలు పోత పోసిన దేశమునకు ఈ లోహము పరాయిది కాదు. గంటకు నాదము ముఖ్యము, ఫిరంగికి బిగువు ముఖ్యము. కొలిమి మాత్రము ఒకటే. సూరేకారము, గంధకము, బొగ్గు కలిపి నూరితే తుపాకి మందు సిద్ధమగును. 1798లో రేమండు సైన్యమును తొలగించిన ఆంగ్లేయులకు ఆయుధములతో నిండిన కొట్లు, పనిచేయుచున్న కార్ఖానాలు కానవచ్చినవి. అక్కడి ఫిరంగులనూ చిన్న ఆయుధములనూ వారు తీసిపారవేయలేదు, మెచ్చుకొన్నారు.

ఖర్దా యుద్ధము, రాజకుమారుని తిరుగుబాటు

1795 మార్చి 11న ఖర్దా వద్ద నిజాము సైన్యములు మహారాష్ట్రులతో తలపడినవి. ఆంగ్లేయులు మిత్రులమని చెప్పుకొనుచునే తటస్థముగా ఉండిపోయినారు. నిజాము జీతములిచ్చి పోషించుచున్న ఆంగ్ల పటాలములు ఆ యుద్ధములో ఒక్క గుండైనను పేల్చలేదు. రేమండు దళములు మాత్రము నిలిచి పోరాడినవి. ఎదుటి పక్షమున సింధియా దళములను నడిపినవాడు కూడ ఒక ఫ్రెంచివాడే, పెరాన్. ఇద్దరు పరదేశీయులు పరుల కలహములో తమ తమ ఫిరంగులను ఒకరిపై ఒకరు గురిపెట్టుకొన్నారు. చీకటి పడగనే నిజాము భయపడి, అంతఃపుర స్త్రీల ఒత్తిడికి లోబడి, ఖర్దా కోటలోనికి తప్పుకొన్నాడు. సైన్యము చెదిరినది. నిజాము దౌలతాబాదు కోటను, మూడు కోట్ల రూపాయలను ఒప్పుకొని, తన మంత్రి అరిస్తుజాను పూనాకు బందీగా పంపవలసి వచ్చినది.

అక్కరకు రాని ఆంగ్ల పటాలములను నిజాము వెంటనే పంపివేసినాడు. రేమండునకు ఆదరము పెరిగినది. ఆ సంవత్సరమే నిజాము కుమారుడు ఆలీజా తండ్రిపై తిరుగబడి బీదరు చేరినాడు. అతనిని వెంటాడి పట్టుకొన్నవాడు రేమండు. తండ్రి ముందుకు తెచ్చే దారిలో రాజకుమారుడు విషము మ్రింగి ప్రాణము విడిచినాడు. ఇక్కడ మనము ఒక సంగతి మరువరాదు. స్వదేశములో తయారైన ఆయుధము దానంతట అదియే స్వదేశమును రక్షింపదు. ఎవరి ఆజ్ఞకు లోబడునో వారిని రక్షించును. రేమండు తుపాకులు ప్రభువును రక్షించినవి. ప్రజల సంగతి ఆ లెక్కలోనికి రాలేదు.

అతని దళము సుమారు 14,000 మందికి పెరిగినది. 1796లో ఫిరంగులు, ఆయుధముల శాఖ అంతయు అతని చేతిలోనికి వచ్చినది. దళము ఖర్చులకు మెదకు ప్రాంతపు రాబడి కేటాయింపబడినది. ఫ్రెంచి విప్లవపు మూడు రంగుల జెండాను ఆ సిపాయిలు మోసేవారు. టిప్పు సుల్తాను దక్షిణమున, రేమండు హైదరాబాదున, పెరాన్ ఉత్తరమున. ఈ మూడు బిందువులను కలిపి గీత గీచి చూచుకొన్న ఆంగ్లేయులకు నిద్ర పట్టలేదు. 1797లో అరిస్తుజా పూనానుండి తిరిగి వచ్చినాడు. అతని మొగ్గు ఆంగ్లేయులవైపు.

కొన్ని గంటలలో కరిగిన సైన్యము

1798 మార్చి 25న రేమండు మరణించినాడు. వయసు నలుబది మూడు కూడ నిండలేదు. విషప్రయోగమని కొందరు అనుమానించినారు. దానికి రుజువు లేదు. అతని స్థానమున పీరాన్ అనే మరొక ఫ్రెంచి అధికారి వచ్చినాడు. సైన్యము అదే, తుపాకులు అవే. కాని పట్టి ఉంచిన చేయి పోయినది.

1798 సెప్టెంబరు 1న నిజాము ఆంగ్లేయులతో సంధి చేసికొన్నాడు. 6,000 మంది సిపాయిలు గల ఆంగ్ల దళము శాశ్వతముగా హైదరాబాదు రాజ్యములో ఉండును. దానికై నిజాము ఏటేట 24,17,100 రూపాయలు చెల్లించును. ఫ్రెంచి అధికారులను పంపివేయవలెను. అక్టోబరు 21న, దళమును రద్దుచేయు ఆజ్ఞ వెలువడగనే, సిపాయిలు బకాయి జీతములకై తిరుగబడి తమ ఫ్రెంచి అధికారులనే నిర్బంధించినారు. మరునాడు ఆంగ్ల పటాలములు శిబిరమును చుట్టుముట్టినవి. రెసిడెంటు కిర్క్‌ప్యాట్రిక్, అతని సహాయకుడు జాన్ మాల్కం బకాయిలు ఇప్పింతుమని మాట యిచ్చినారు. కొన్ని గంటలలో ఆ మహాసైన్యము ఆయుధములు క్రింద పెట్టినది. ఒక్క రక్తపుబొట్టు చిందలేదు.

పన్నెండేండ్ల కొలిమి పని ఒక్క పూటలో పరుల పాలైనదంటే దోషము తుపాకిది కాదు. గొట్టము పగులలేదు, కమాను విరుగలేదు. విరిగినది జీతపు మాట. తుపాకిని కూర్చుటకు కమ్మరి, వడ్రంగి దొరికినారు; దానిని పట్టినవానికి నెల తిరుగగనే జీతము చేర్చే ఏర్పాటు దొరకలేదు. రేమండు ఫిరంగులు పోసే విద్యను ఈ గడ్డపై నాటినాడు కాని, సైన్యమును నడిపే విద్యను పరదేశపు అధికారుల చేతిలోనే ఉంచినాడు. వారు పోగా ఆ విద్య కూడ పోయినది. ఆ సిపాయిలలో కొందరు మరుసటి సంవత్సరమే మాల్కం వెంట టిప్పు సుల్తానుపై శ్రీరంగపట్టణమునకు నడచినారు.

ఎవరు చెల్లించిన అద్దె?

ఇక అసలు లెక్కకు వత్తము. ఒకప్పుడు రేమండు నెలకు 150 రూపాయలు అద్దె చెల్లించినాడు; అది వ్యర్థమని తెలిసి కార్ఖానా కట్టినాడు. అతడు పోయి ఆరు నెలలు నిండకముందే నిజాము మరల అద్దె పద్ధతికే దిగినాడు. ఈసారి అద్దెకు తెచ్చినది తుపాకులను కాదు, తుపాకులు పట్టిన సైన్యమును. అద్దె అణాలలో కాక లక్షలలో ఉన్నది. రెండేండ్లు తిరిగిన తరువాత డబ్బు చెల్లించే పద్ధతి మారినది. 1800లో మరొక సంధి జరిగి, మైసూరు యుద్ధములలో తనకు వచ్చిన బళ్లారి, అనంతపురము, కడప మొదలైన సీమలను ఆ సైన్యపు ఖర్చు క్రింద నిజాము ఆంగ్లేయులకు శాశ్వతముగా ఇచ్చివేసినాడు. అవే దత్త మండలములు. థామస్ మన్రో వాటికి ప్రధాన కలెక్టరుగా వచ్చినాడు. ఆ పేరులోని అవమానమును తొలగించుటకు 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని కొత్త పేరు పెట్టవలసి వచ్చినది.

కావున సికిందరాబాదు బారకులకూ రాయలసీమ చరిత్రకూ సంబంధమేమి అని ఏ విద్యార్థియైనను అడిగినచో ఉపాధ్యాయులు ఇట్లు చెప్పవచ్చును: హుస్సేనుసాగరపు ఒడ్డున విడిసిన సైన్యమునకు అద్దెగా పోయిన భూమియే రాయలసీమ.

గుట్టమీది రాతికంబము

మూసారాంబాగునకు తూర్పున, ఆస్మాన్‌గఢ్ సమీపమున ఒక గుట్టమీద రేమండు సమాధి ఉన్నది. నల్లరాతితో కట్టిన సుమారు 23 అడుగుల ఎత్తు కంబము, దానిపై అతని పేరులోని రెండు తొలి అక్షరములు. ప్రక్కనే గ్రీకు దేవాలయమును తలపించే స్తంభముల మంటపము. 2001లో భారీ వర్షములకు ఆ మంటపము కూలినది. తరువాత మరల నిలిపినారు. ఫ్రెంచి భాషలో అయ్యా అనే అర్థమిచ్చే ముస్సే అన్న మాట జనుల నోట మూసా అయినది. హిందువులు రేమండును రాముడన్నారు, ముస్లిములు రహీమన్నారు. మూసారాం, మూసా రహీం అనే రెండు పేర్లతో ఒకే సమాధివద్ద చాలకాలము దీపములు, అగరువత్తులు వెలిగించినారు. అతని కొలువు దొరతనమునకే అయినను, జనులు అతనిని తమవానిగా తలచినారు.

నేడు సికిందరాబాదు తిరుమలగిరిలో భారత సైన్యపు యంత్రశాస్త్ర కళాశాల ఉన్నది. ఆయుధ సామగ్రి శాఖవారి శిక్షణ కేంద్రమును ఈ నగరములోనే ఉన్నది. దేశపు నలుమూలలనుండి వచ్చిన యువకులు ఇక్కడ తుపాకిని విప్పి మరల కూర్చుట, యంత్రమును బాగుచేయుట, సామగ్రిని లెక్కతో కాపాడుట నేర్చుకొనుచున్నారు. రేమండు సైన్యమును తొలగించి ఆంగ్లేయులు నెలకొల్పిన విడిదిలోనే, రేమండు ఆరంభించి పూర్తిచేయలేకపోయిన పాఠము ఇప్పుడు మన భాషలు మాట్లాడే గురువుల చేత బోధింపబడుచున్నది. వారాంతమున తీరిక దొరికిన ఉపాధ్యాయులు తమ విద్యార్థులను వెంటబెట్టుకొని ఆ గుట్ట ఎక్కి, రాతికంబము నీడలో నిలిచి, ఎనిమిది అణాల లెక్కను ఒకమారు చెప్పించవలెను. చరిత్రయు గణితమును ఆనాడు ఒకే పాఠమగును.